అద్దానికి వేలాడిన కీయ్

మా జనరల్ తెసోనియేకి భయమంటే ఏమిటో తెలీదు. ఇండోచైనా బురదలో రెండుసార్లు తూటా దెబ్బలు తిన్నా మీసం చెదరని మనిషి. ఫ్రాన్స్ ఏలుతున్న అల్జీరియాని పారిస్ వదిలేసుకుంటోందని తెలియగానే, ఆ ప్రభుత్వాన్నే దించేస్తానన్నాడు. ఆయన కారు నడిపేది నేనే కాబట్టి కుట్రంతా వెనక సీట్లోంచి నా చెవిన పడింది. డ్రైవరుకీ చెవులుంటాయని పెద్ద ఆఫీసర్లకు తోచదు.

1961 ఏప్రిల్లో ఆయనతో కలిసిన పారాట్రూపర్లు అల్జీర్స్‌ని పట్టేశారు. జనం బాల్కనీల్లోంచి జెండాలూపారు. ఇక బ్లిదా దగ్గర రెజిమెంటు ఒక్కటే మిగిలింది. అందులో అందరూ నాలాగా చట్టం పిలిస్తే వచ్చిన కుర్రాళ్ళే. వాళ్ళు కలిసొస్తే ఓరాన్ నగరానికి దారి ఆయనది. లేదంటే ఆయన్ని గోడ ముందు నిలబెట్టి కాల్చేస్తారు.

"నేను మాట్లాడితే రాళ్ళు కూడా లేచి నడుస్తాయిరా, లె బిహాన్" అన్నాడు దారిలో.

నా కారు అద్దానికి వేలాడుతున్న కీయ్‌ని చూసి నవ్వాడు కూడా. బంతాటలో పడగొట్టే చెక్కముక్క అది, సీసాలా ఉంటుంది. సర్వీసు అయిపోవస్తోందంటే మేం ప్రతి ఒక్కరం ఒకటి చెక్కుకుని, రంగులేసి, ఇంటికెళ్ళే రోజు కోసం దాచుకుంటాం. మా నోట "కీయ్" అంటే ఇక ఇంటికే అని. ఆయనకది పిల్లచేష్ట.

మైదానంలో ఎంత బాగా మాట్లాడాడో చెప్పలేను. యుద్ధంలో చచ్చిపోయినవాళ్ళ పేర్లు చెప్పాడు, కుర్రాళ్ళ వెన్నులు నిటారుగా లేచాయి. నాకే ఒళ్ళు పులకరించింది. అంతలో గొంతు పెంచి, ఈ నేల మనదయ్యేదాకా ఎవరూ ఇంటికెళ్ళరనీ, తానూ వెళ్ళననీ ప్రకటించాడు. తన లెక్కలో అంతకు మించిన వరం లేదు.

వెనక వరసలో ఎవడో మెల్లగా "కీయ్" అన్నాడు. పక్కవాడు అందుకున్నాడు. కాసేపటికి మైదానమంతా అదే మాట. తర్వాత వాళ్ళు తుపాకులెత్తలేదు, గొడవ చెయ్యలేదు. సూప్ చల్లారిపోతుందని భోజనశాలకి నడిచారు. వాళ్ళ కల్నల్ తన బూట్లు చూసుకుంటూ నిలబడ్డాడు.

కారెక్కాక జనరల్ అద్దం వైపే చూశాడు.

"నువ్వూ అన్నావా?"

"అన్నాను, జనరల్ గారూ."

ఆయన టోపీ సరిచేసుకున్నాడు. "అయితే పోనీయ్. లొంగిపోవడానికైనా నేను ఆలస్యంగా వెళ్ళను."

లొంగిపోవడానికి వెళ్ళిన బారక్సు గేటు దగ్గర దిగుతూ, ముందుకు వంగి కీయ్‌ని వేలితో ఒకసారి ఊపాడు.

"ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇలాంటిదొకటి నేనెప్పుడూ చెక్కుకోలేదురా" అన్నాడు.