మూడో సీసా

లాలాగూడలోని ఆ ఇంట్లో పొద్దున ఆరున్నరకే రెండు సీసాల మూతలు తెరుచుకుంటాయి. పెరట్లో బాబూరావు కౌజుపిట్టల నీళ్లలో విటమిన్ చుక్కలు కలుపుతాడు. వాకిట్లో అతని భార్య ప్రేమమణి, కూతురు షెకీనా నోట్లో చెంచాడు టానిక్ పోస్తుంది. పదో తరగతి చదివే ఆ పిల్ల మొహం చిట్లించి మింగి, బడి ఆటో కోసం ఉరుకుతుంది. అప్పటికి ఉప్మా ఇంకా పొయ్యి మీదే ఉంటుంది.

పిట్టల సంగతి తలుచుకుంటేనే ప్రేమమణికి కోపం నషాళానికంటుతుంది. రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యాక బాబూరావు డెబ్బై పిట్టలు తెచ్చాడు. మొదట్లో రోజుకు యాభై గుడ్లు వచ్చేవి. దాణా ధర పెరిగిందని అతను నూకలు వేయడం మొదలుపెట్టాడు. ఆ లోటు తీర్చడానికే ఈ సీసాలు. ఇప్పుడు రోజుకు పది గుడ్లు వస్తే గొప్ప. వాటి పెంకు కూడా పట్టుకుంటే చితికిపోయేంత పలచన.

"ఇది మూడో సీసా. పిట్టలు తాగుతున్నయా, మీరే తాగుతున్నరా?" అని ఒకరోజు మొగుణ్ణి నిలదీసింది.

"మొదటి రెండూ నకిలీ మాల్. ఇది ఫారిన్ ఫార్ములా. జెర ఓపిక పట్టు."

"నాకు ఓపిక ఉన్నది. గుడ్డు పెట్టే ఓపికే వాటికి లేదు. ఈ ఆదివారం దాకా చూస్తా. తర్వాత అన్నిటినీ మోండా మార్కెట్‌ల అమ్మేస్తా."

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక బాబూరావు స్నేహితుడు డేవిడ్ రాజు ఇంటికి వచ్చాడు. పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా చేసిన మనిషి. ఒక పిట్టను చేతిలోకి తీసుకుని రొమ్ము తడిమాడు. ఎముక తప్ప వేలికి ఏమీ తగల్లేదు.

"ఏం పెడుతున్నవ్, బాబూరావ్?"

"విటమిన్లన్నా. రోజూ, ఒక్కపూట సుత తప్పకుండా."

"అది కాదయ్యా. తిండేం పెడుతున్నవ్?"

"నూకలు," బాబూరావు నసిగాడు.

"గింత పిట్ట రోజూ గుడ్డు పెట్టాలంటే సోయా, చేపపొడి, ఆల్చిప్పల పొడి కలిసిన దాణా కావాలె. విటమిన్ సుత కావాలె, కాదనను. కానీ అది తిన్నదాన్ని ఒంటికి పట్టించేది. కడుపుల ఏమీ లేకుంటే దేన్ని పట్టిస్తది?"

"నేను మొత్తుకుంటనే ఉన్న, అన్నా. ఈ మనిషికి సీసా ఒకటుంటే చాలు," అంది ప్రేమమణి, గెలిచినదానిలా.

అంతలో చాయ్ తెస్తున్న షెకీనా గోడకు ఒరిగిపోయింది. కప్పు జారి పగిలింది. డేవిడ్ రాజు గబుక్కున పిల్లను పట్టుకుని కూర్చోబెట్టాడు. కింది రెప్ప లాగి చూస్తే లోపల రక్తం లేనట్టు తెల్లగా ఉంది.

"పొద్దున ఏం తింటవ్, బిడ్డా?"

షెకీనా తల్లివైపు చూసి మెల్లగా అంది, "టానిక్, అంకుల్."

"మంచి టానికే అన్నా. రోజూ, ఒక్కపూట సుత..."

అవి ఇందాక మొగుడన్న మాటలేనని ప్రేమమణికి అప్పుడు తట్టింది. మొగుడు ఎత్తిపొడుస్తాడనుకుంది. అతను వంగి కప్పు పెంకులు ఏరసాగాడు.

"రేపే రక్తపరీక్ష చేయించు, చెల్లెమ్మా. ఈ పరీక్షకు పరగడుపు అక్కర్లేదు, తినిపించే తీస్కపో," అన్నాడు డేవిడ్ రాజు.

సోమవారం ఉప్మా ఆరింటికే కంచంలోకి వచ్చింది. పక్కన ఆ పిట్టలవే నాలుగు ఉడకబెట్టిన గుడ్లు. రక్తపరీక్షకు వెళ్లాల్సిన పిల్ల నింపాదిగా తింటోంది. బయట ఆటో హారన్ కొడితే, "ఇయ్యాల రాదు, నువ్వు పో," అని వాకిట్లోంచి కేకేసింది ప్రేమమణి. బాబూరావు దాణా సంచి కొనుక్కురావడానికి చెప్పులు వేసుకుంటున్నాడు.

మన ఇళ్లలో ఇలాంటి సీసాలు ఎన్నో ఉన్నాయి. పిట్టకైనా పిల్లకైనా ముందు కడుపు నిండాలి. సీసా మూత ఆ తర్వాతే తీయాలి.