కొలతల బొమ్మ

కొలత టేపు చివర ఉండే ఇత్తడి రేకు చల్లగా ఉంటుంది. ఆ చల్లదనం కుట్టుశాలనుంచి ఆమె వెంట ఇంటిదాకా వచ్చేది. తల్లి జడ వేస్తుంటే మెడ మీద, పడుకుంటే పక్కటెముకల కింద, ఎవరూ లేకుండానే తగిలేది.

"ఏమిటే ఆ ఉలికిపాటు?" అనేది తల్లి.

"చలి," అనేది ఆమె.

ఆమె పనిచేసే కుట్టుశాలలో ఆడవాళ్ల గౌన్లు తయారవుతాయి. కొత్త నమూనా కుట్టినప్పుడల్లా మనిషి ఎత్తు చెక్కబొమ్మకు తొడిగి సరిచూడడం ఆ వృత్తిలో పద్ధతి. బొమ్మ విరిగిపోయిందని, అందరికన్నా చివర చేరిన పిల్ల దాని బదులు స్టూలెక్కి నిలబడాలని కటింగ్ మాస్టరు ఏళ్ల కిందటే రివాజు పెట్టాడు. ఇప్పుడా వంతు ఆమెది. నిలబడగానే తలుపు మూసేవాడు. కొలత ఒకచోట ఉండేది, చేతులు మరోచోటికి పోయేవి. ఆమె ముడుచుకుంటే, "కదలకు. బొమ్మ కదులుతుందా?" అనేవాడు.

స్టూలు పలక మీద రెండు పాదాల మేర రంగు అరిగిపోయి ఉంది. ఆమె పాదాలు సరిగ్గా అందులో ఇమిడేవి. తనకు ముందు నిలబడ్డవాళ్లెవరూ ఆ గది విడిచి పోలేదనీ, గోడ వారగా నిలబడి తననే చూస్తున్నారనీ అనిపించేది.

చివరికి ఫిర్యాదు చేసింది. యజమానురాలు విచారణ సంఘాన్ని కూర్చోబెట్టింది. దాని పెద్ద, బయటినుంచి వచ్చిన వకీలమ్మ, ఇద్దరి మాటా వింది.

"ముట్టుకోకుండా గౌను ఎలా సరిచూడాలమ్మా?" అన్నాడు మాస్టరు నింపాదిగా. "అందరూ నిలబడ్డవాళ్లే. ఎవరికీ లేని సుకుమారం ఈవిడకొచ్చింది."

"సాక్షులున్నారా?" అని వకీలమ్మ అడిగితే, "తలుపు మూసేవాడండీ," అంది ఆమె. భోజనాలయ్యాక మళ్లీ కూర్చుందామన్నారు. అప్పటికీ ఏమీ తేలకపోతే రేపు మళ్లీ ఆ స్టూలు ఎక్కాలి.

గుండీలకు కాజాలు కుట్టే పెద్దావిడను అక్కడ అందరూ కాజాలత్త అంటారు. భోజనాల వేళ ఆమె వెళ్లి పక్కన కూర్చుంటే, అత్త గిన్నె ముందు పెట్టుకుని తల ఎత్తలేదు.

"నన్నడక్కు పిల్లా. నా నోటికి కాజా కుట్టి ఏనాడో గుండీ పెట్టేశాను."

"సాక్ష్యం అడగను అత్తా. బొమ్మ విరగడం నువ్వు చూశావా?"

"విరిగిందని విన్నాను."

"ఎవరు చెప్పారు?"

అత్త చేతిలోని ముద్ద గిన్నెలోకి జారిపోయింది. "ఆయనే."

విచారణ మళ్లీ మొదలవగానే ఆమె లేచి నిలబడింది. "ఆ విరిగిన బొమ్మను ఒకసారి చూపించమనండి."

మాస్టరు చెయ్యి నడుముకున్న తాళాల గుత్తి మీదికి పోయింది. "సామానుగదిలో ఎక్కడో... అంతా దుమ్మండీ."

"దుమ్ముకు భయపడే వయసు కాదు నాది. తాళం ఇలా ఇవ్వండి," అంది వకీలమ్మ.

సామానుగది మూలన ముసుగు కప్పుకుని ఎవరో నిలబడి ఉన్నారు. గుమ్మంలోని వాళ్లందరూ ఒకడుగు వెనక్కి వేశారు. ఆ పిల్లే వెళ్లి ముసుగు లాగింది. బొమ్మ. ఎక్కడా పగులు లేదు. నడుము కొలత మార్చే మరను తిప్పితే కిర్రుమనకుండా విచ్చుకుంది. పద్దుకెక్కిన సరుకు గనక పారేసే ధైర్యం చాల్లేదు కాబోలు, దాచిపెట్టాడు.

అత్త జనాన్ని తోసుకుంటూ వచ్చి బొమ్మ భుజం మీద చెయ్యి వేసింది.

"ఇక్కడే ఉన్నావటే! నీ బదులు మమ్మల్నందరినీ నిలబెట్టాడే!" తరవాత వకీలమ్మ వైపు తిరిగింది. "ఆ స్టూలెక్కిన మొదటిదాన్ని నేను. రాసుకోండి."

హాల్లో ఒక్కొక్క కుట్టుమిషనే ఆగింది. "నన్ను కూడా రాయండి," అన్నారెవరో వెనకనుంచి. మాస్టరు వాళ్లవైపు చూడలేకపోయాడు.

అతణ్ణి ఉద్యోగంలోనుంచి తీసేశారు. కేసు కోర్టుకెక్కింది. కొలతల గది తలుపును మడతబందులతో సహా ఊడదీశారు. సరిచూసే పని ఇప్పుడు ఫిర్యాదు చేసిన ఆ పిల్లదే.

కొత్త గౌను తొడిగించుకుని బొమ్మ ఎదురుగా నిలబడి ఉంది. టేపు చాపబోయిన ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇత్తడి రేకును గుప్పిట్లో బిగించి, అది వెచ్చబడేదాకా ఉండి, అప్పుడు బొమ్మ నడుముకు ఆనించింది.