తోటగోడ పైవరస

ఆమె బంతిమడిలో కలుపు తీస్తుండగా తోటగోడ పైవరసలోంచి ఒక ఇటుక ఊడి, చెవి పక్కగా జారి మట్టిలో దిగబడింది. లోపలికి పరుగెత్తి భర్తతో చెప్పింది. ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే "తగల్లేదుగా?" అన్నాడు. పక్కగదిలోంచి అత్తగారు, "కాస్త చూసుకుని కూర్చోవద్దూ!" అని అందుకుంది.

గోడలో ఇటుక ఊడినా తప్పు తనదే అయింది. కూరలో ఉప్పెక్కువైతే తనది, పిల్లకు జ్వరమొస్తే తనది, ఆఫీసులో మేనేజరు ఎక్కడో పెట్టి మరిచిపోయిన ఫైలు కనపడకపోయినా తనదే. అక్కడ ఆమె పేరుకు అకౌంటెంటు. మీటింగైతే మాత్రం "టీ సంగతి కాస్త చూడమ్మా" అంటూ అందరూ ఆమె వైపే తిరుగుతారు. గోడ మాటెత్తినప్పుడల్లా భర్త "తాపీగా చేయిద్దాంలే" అంటూ వచ్చాడు. పోయిన వానాకాలం నుంచీ అదే మాట. రేపు నిజంగానే తన తల పగిలితే, నేల మీది రక్తం ఎవరు తుడుస్తారని అడుగుతారేమో వీళ్ళు! ఆ ఆలోచనకు ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

మర్నాడు సెలవు. పొద్దున్నే కొట్టుకు వెళ్ళి సిమెంటు, ఇసుకతో పాటు ఒక తాపీ కొనుక్కొచ్చింది. "తాపీగా చేయడమంటే ఇదే" అనుకుని తనలో తనే నవ్వుకుంది. స్టూలెక్కి వదులైన ఇటుకలన్నీ దించింది. వాటికంటుకున్న పాత సిమెంటు గీకి నీళ్ళలో నానబెట్టింది. గోడ ఈ కొస నుంచి ఆ కొసకు దారం కట్టి, దాని వెంట ఒక్కో ఇటుకా పేర్చసాగింది. మొదట పెట్టినవి వంకర పోయాయి. తీసేసి మళ్ళీ పెట్టింది. ఇంట్లో తను చేసే పనేదీ సాయంత్రానికి కనపడదు. తోమిన గిన్నె ఎంగిలవుతుంది, మడతపెట్టిన బట్ట మాసిపోతుంది. ఇది మాత్రం పెట్టినచోటే ఉంటుంది.

అత్తగారు గుమ్మంలోకి వచ్చి, "ఆడది గోడెక్కితే నలుగురూ ఏమనుకుంటారే?" అంది.

"గోడ బాగుపడిందనుకుంటారు, అత్తయ్యా."

ఇంతలో పక్కింటాయన గోడ అవతల ఆగి, వరండాలో నుంచున్న భర్తను చూసి, "పెద్ద పనే పెట్టుకున్నారే!" అన్నాడు.

"ఏదో, మేమే సరిచేసుకుంటున్నామండీ" అన్నాడు భర్త, చేతులు వెనక్కి కట్టుకుని.

"మేం కాదండీ, నేను" అందామె, ఇటుకను తాపీ పిడితో తట్టి కూర్చోబెడుతూ.

పక్కింటాయన నవ్వు దిగమింగుకుని వెళ్ళిపోయాడు. భర్త ముఖం కందగడ్డలా అయింది. "పరాయివాళ్ళ ముందు పరువు తీశావు. చాల్లే, దిగు. అమ్మకి ఆకలేస్తోంది."

ఇన్నేళ్ళూ ఆ మాట వింటే ఆమె కాళ్ళు వాటంతటవే వంటింటివైపు నడిచేవి. ఇవాళ స్టూలు మీంచి కదల్లేదు.

"కలిపిన సిమెంటు గట్టిపడితే దండగ. అన్నం మీరు వండండి" అంది. "అత్తయ్యకీ పిల్లకీ పెట్టి, నాకూ ఓ కంచంలో వడ్డించి పిలవండి."