వెనక సీటు పట్టీలు

విశ్వనాథ్ చేతిలో కత్తి ఉందని జయరాజు మొదట గమనించలేదు. విమానం ఉంచే హ్యాంగర్ తలుపు సగం తీసి ఉంది. ఇద్దరూ కలిసి కొనుక్కున్న పాత విమానం వెనక సీట్లో విశ్వనాథ్ తల వంచుకుని ఏదో లాగుతున్నాడు. దగ్గరికి వెళ్లాక కనపడింది. తను దగ్గరుండి బిగింపజేసిన కొత్త భుజాల పట్టీలు తెగి వేలాడుతున్నాయి.

అమెరికాలోని చాండ్లర్‌లో చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇద్దరూ ఏళ్ల తరబడి పక్కపక్కన పనిచేశారు. జయరాజుది నరసాపురం, విశ్వనాథ్‌ది హనుమకొండ. జయరాజు ఆదివారం తెలుగు చర్చి తప్పడు, విశ్వనాథ్ దీపావళికి కూడా గుడి మెట్లెక్కడు. ఇద్దరినీ కలిపింది విమానాల పిచ్చి. రెండో ప్రపంచ యుద్ధంలో కుర్రాళ్లకు విమానం నడపడం నేర్పడానికి తయారుచేసిన రెండు రెక్కల విమానం ఒకటి అమ్మకానికి వస్తే, ఇంట్లోవాళ్లు నెత్తీ నోరూ బాదుకున్నా వినకుండా కొనేశారు. ముందొక సీటు, వెనకొక సీటు, దేనికీ పైకప్పు లేదు. నడిపేవాడు వెనక కూర్చోవాలి.

కొన్న రోజు నుంచీ తగువే. 1942లో ఎలా ఉందో అది అలాగే ఉండాలని విశ్వనాథ్ పట్టు. నాటి మేకే ఉండాలి, నడుముకు కట్టుకునే నాటి కాన్వాసు పట్టీయే ఉండాలి. ఇందులో నేర్చుకున్న కుర్రాళ్లు చాలామంది యుద్ధంలో చచ్చిపోయారు, వాళ్లు ముట్టుకున్నదాన్ని మార్చడానికి మనమెవరం అనేవాడు. వాళ్లలో ఎంతమంది ఈ విమానంలోనే చచ్చారో ముందు కనుక్కోమనేవాడు జయరాజు. నడుముకొక్క పట్టీ చాలదు, విమానం బోల్తా పడితే ముఖం పోయి ఎదురుగా మీటర్లుండే ఇనప పలకకు కొట్టుకుంటుంది, భుజాలకూ పట్టీలు కావాలి. చక్రాల బ్రేకులు పట్టీ పట్టనట్టు పనిచేస్తాయి, అవీ మార్చాలి. విశ్వనాథ్ మేనల్లుడి పెళ్లికని ఇండియా వెళ్లిన సమయంలో జయరాజు మెకానిక్‌ని పిలిచి రెండు పనులూ చేయించేశాడు. అడిగితే ఒప్పుకోడని అడగలేదు.

"ఏం చేస్తున్నావ్ రా?" అన్నాడు జయరాజు.

"నువ్వు ఖరాబు చేసినదాన్ని బాగుచేస్తున్న," అన్నాడు విశ్వనాథ్ తలెత్తకుండానే. "నా సగంల నువ్వెట్ల చెయ్యి పెట్టినవ్?"

అంటూనే ముందు సీట్లోకి కాలు పెట్టి, అక్కడి పట్టీ అందుకున్నాడు. జయరాజు రెక్క మీదికెక్కి చొక్కా పట్టుకుని గుంజాడు. ఇద్దరూ దొర్లుకుంటూ సిమెంటు నేల మీద పడ్డారు. కత్తి ఎటో ఎగిరిపోయింది. విశ్వనాథ్ మోచేతితో మూతి మీద పొడిస్తే జయరాజు ముందు పన్ను సగానికి విరిగింది. నోటినిండా రక్తంతో అతను విశ్వనాథ్ జుట్టు పట్టుకుని తలను విమానం చక్రానికేసి కొట్టాడు, మళ్లీ కొట్టాడు. విశ్వనాథ్ చేతికి దొరికిన రెంచితో పక్కటెముకల మీద బాదాడు. యాభై దాటిన ఇద్దరు మనుషులు, పిల్లల పుట్టినరోజులకు ఒకరింట్లో ఒకరు వడ్డించినవాళ్లు, ఒకరి గొంతు ఒకరు పిసుక్కున్నారు. పక్క హ్యాంగర్ ముసలాయన వచ్చి, కుక్కలను విడదీసినట్టు పైపుతో నీళ్లు కొట్టాకే విడిపోయారు.

వెనక సీటు పట్టీలు పోయాయి. ముందు సీటువి మిగిలాయి.

ఆ తర్వాత మాటల్లేవు. వెళ్లి సారీ చెప్పి రమ్మని జయరాజు భార్య జోసఫిన్ పోరుపెట్టింది. అతను కదల్లేదు. కానీ విశ్వనాథ్‌కి చెప్పాల్సిన మాట ఒకటుందని అతనికి తెలుసు. కొత్త బ్రేకులు మహా చురుకైనవి. పాతవాటిని తొక్కినట్టు తొక్కితే చక్రాలు ఉన్నచోటే బిగుసుకుపోతాయి. తను మొదటిసారి నడిపినప్పుడు తోక గాల్లోకి లేచి ప్రాణం పోయినంత పనైంది. మెసేజ్ పెడదామని ఫోన్ తీశాడు. నాలుక విరిగిన పంటికి తగిలింది. వాడే తెలుసుకుంటాడులే అని ఫోన్ పక్కన పడేశాడు.

శనివారం పొద్దున తన పనిముట్లు తెచ్చేసుకుందామని వెళితే హ్యాంగర్ ఖాళీగా ఉంది. విమానం గాల్లో ఉంది. పత్తి చేల మీదుగా మలుపు తిరిగి రన్‌వే వైపు దిగుతోంది. ముందు సీట్లో విశ్వనాథ్ కూతురు జాహ్నవి. కాలేజీ సెలవులకు ఇంటికి వచ్చింది. జయరాజును చూసి చెయ్యి ఊపింది కూడా.

చక్రాలు నేలకు తగిలాయి. పక్క నుంచి గాలి తోసి ముక్కు కాస్త పక్కకు తిరిగింది. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ విశ్వనాథ్ బ్రేకు గట్టిగా తొక్కి ఉంటాడు. తోక నిలువునా లేచింది. ముందున్న పంకా తారులో దిగి ముక్కలై ఎగిరింది. విమానం మొత్తం బోర్లా పడి, కీచుమంటూ కొంత దూరం జారి ఆగింది.

జయరాజు పరిగెత్తాడు. పై రెక్కలో ఉండే ట్యాంకు ఇప్పుడు నేలకు నొక్కుకుని పగిలింది. పెట్రోలు మడుగు కట్టింది. జాహ్నవి భుజాల పట్టీలకు తలకిందులుగా వేలాడుతోంది. తలకూ తారుకూ మధ్య జానెడు జాగా. జుట్టంతా పెట్రోలు.

"అంకుల్, డాడీ మాట్లాడట్లేదు," అంది.

అతను ఆ పెట్రోల్లోనే పడుకుని, ఒక చేత్తో ఆమె బరువు ఆపుతూ ఇంకో చేత్తో బకిల్ నొక్కాడు. ఆమె అతని మీద పడింది. చంకల కింద చేతులేసి దూరంగా ఈడ్చాడు. వెనక్కి తిరిగేసరికి ఇంజిన్ దగ్గర మంట లేచింది.

విశ్వనాథ్ ముఖం ఎదురుగా ఉన్న పలకలోకి పోయి ఉంది. పట్టుకుని లాగితే చర్మం గాజుముక్కలతో సహా ఊడి వచ్చింది. దవడ ఒక పక్కకు వేలాడుతోంది. ఎడమ కన్ను ఉండాల్సిన చోట రక్తం తప్ప ఏమీ లేదు. నడుం పట్టీ బరువుకు బిగుసుకుపోయి ఊడి రాలేదు. జయరాజు భుజంతో అతన్ని పైకెత్తి, పట్టు సడలగానే బకిల్ లాగాడు. అప్పటికి మంట చేతుల మీదికి వచ్చింది. తన చర్మం కాలుతున్న వాసన తనకే తెలిసింది. అయినా వదలకుండా బయటికి ఈడ్చి, అంటుకున్న విశ్వనాథ్ జుట్టును అవే చేతులతో ఆర్పాడు. వెనక రెక్కల గుడ్డ ఒక్కసారిగా భగ్గుమంది.

హాస్పిటల్‌లో జాహ్నవి అతని మంచం పక్కకు వచ్చి కూర్చుంది. భుజాల మీద పట్టీలు ఒరిసిన చోట రెండు నల్లటి చారలు, అంతకు మించి దెబ్బ లేదు. డాడీ ముందు సీటువి కూడా కట్ చేద్దామనుకున్నాడట, అంకుల్ కొట్టి ఆపాడట అని ఏడుస్తూ థాంక్స్ చెప్పింది. ఆ థాంక్స్ జయరాజుకు నిప్పులా తగిలింది.

"బ్రేకులు మార్చింది నేనే, అమ్మా. ఎలా తొక్కాలో మీ డాడీకి చెప్పలేదు. తెలిసే చెప్పలేదు."

ఆమె కాసేపు అతని కట్లు కట్టిన చేతుల వైపు చూసి, లేచి వెళ్లిపోయింది. విచారణకు వచ్చిన ఆఫీసర్లకు కూడా అతను అదే చెప్పాడు.

విశ్వనాథ్ విరిగిన దవడకు డాక్టర్లు కట్టిన తీగలు విప్పాక, ఎండలు ముదిరిన రోజుల్లో, జయరాజుకు ఫోన్ చేసి హ్యాంగర్‌కి రమ్మన్నాడు. ముఖం ఒక పక్కకు కుట్టేసిన సంచిలా ఉంది. కాలిన ఇనుము కుప్పలోంచి విమానం నంబరు చెక్కిన చిన్న రేకు తీసి చూపించాడు. వేరే రాష్ట్రంలో ఒకాయనకు ఈ రేకొక్కటీ కావాలట. దాన్ని బిగించి చుట్టూ అంతా కొత్తగా కట్టుకుంటాడట.

"ఒక్క మేకు గూడ పాతది ఉండదు. అయినా 1942 విమానమే అంటడట," అన్నాడు వంకర నోటితో. "బ్రేకు సంగతి ఎందుకు చెప్పలే?"

"నీ మీద కోపం."

విశ్వనాథ్ తలూపాడు. తన కూతురి పట్టీకి పెట్టిన కత్తి గురించి అతనేమీ అనలేదు, జయరాజు అడగలేదు. రేకును ఇనప దిమ్మె మీద పెట్టి పట్టుకోమన్నాడు. ఇది మన విమానం, మనతోటే పోవాలె అని సుత్తి తీశాడు.

ఒంటి కంటికి దూరం అందదు. మొదటి దెబ్బ దిమ్మె అంచుకు తగిలి నిప్పు రాలింది. రెండోది జయరాజు బొటనవేలి మీద పడింది. గోరు చిట్లి రక్తం చిమ్మింది.

"చెయ్యి తియ్యి రాజూ."

"కొట్టు."

మూడో దెబ్బకు రేకు వంగింది. నంబరు గుర్తుపట్టలేనంతగా నలిగేదాకా విశ్వనాథ్ కొడుతూనే ఉన్నాడు, ఉన్న ఒక్క కంటి నుంచీ నీళ్లు కారుతున్నా.

తర్వాత జయరాజు వేలికి గుడ్డ చుట్టుకుని హాస్పిటల్‌కి తనే డ్రైవ్ చేశాడు. విశ్వనాథ్ పక్కన కూర్చున్నాడు. ఎమర్జెన్సీలో నర్సు ఏమైందని అడిగితే, విశ్వనాథ్ ముందుకొచ్చి, నేనే కొట్టాను అన్నాడు.