నువ్వు

అన్నాడు, కచ్చితంగా నువ్వు అనే అన్నాడు, తన చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి, గుడ్రున్ చీపురు మెట్ల మీద విసురుగా లాగింది, ఈ వారం మెట్లు ఊడ్చే వంతు తమదే, కరోనాకి ఎస్లింగెన్ ఊరంతా తలుపులు మూసుకున్నా తలుపుకి తగిలించే ఈ వంతు పలక మాత్రం ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంది, పై అంతస్తు నుంచి హేబర్లె గారు మాస్కులోంచే, మీ ఆయన ఇంట్లోనే ఉన్నారుగా, చీపురు ఆయనకివ్వండి, అన్నారు, మీటింగులో ఉన్నారండీ, అంది, మీటింగట, ఆరు వారాలుగా వంటింటి బల్ల దగ్గర ఫోల్కర్, పైన ఇస్త్రీ చొక్కా, కింద పైజమా, ఉల్లిపాయ తరగాలన్నా ఆ చొక్కా అనుమతి కావాలి, ఆ చొక్కాయే ఇందాక, నువ్వు ఎలా ఉన్నావు సిల్కే, అంది.

సిల్కేనట, పంతొమ్మిదేళ్లుగా ఆఫీసులో పక్కగది ఆవిడ, ఇంట్లో చెప్పేటప్పుడు కూడా నాగెల్ గారే, నాగెల్ గారు సెలవులో ఉన్నారు, నాగెల్ గారు కారు కొన్నారు, ఈ జర్మనీలో మీరు నుంచి నువ్వుకి రావడమంటే నోరు జారడం కాదు, పెద్దవాళ్లు ఇవ్వాలి, చిన్నవాళ్లు పుచ్చుకోవాలి, గ్లాసులు తాకించుకోవాలి, ఇచ్చాక వెనక్కి తీసుకునేది లేదు, గుడ్రున్ ఫోల్కర్‌కన్నా రెండేళ్లు పెద్దది గనక అప్పట్లో తనే ఇచ్చింది, ఎనిమిది నెలలు మీరు మీరు అంటూ తిరిగాక, నన్ను నువ్వు అనొచ్చు అని, అతను చెవులదాకా ఎర్రబడి ఆ సాయంత్రమంతా రెండు మాటలూ తగలకుండా వాక్యాలు మెలితిప్పాడు, మరి సిల్కేకి ఎవరిచ్చారు, శుక్రవారం ఆరింటికి ఆఫీసు వాళ్లందరూ ఎవరి తెర ముందు వాళ్లు బీరు తాగారే, అప్పుడా, ఆ సీసా మూత తీసి అందించింది తనే, ఛీ.

చీపురు మూలన పడేసి లోపలికొచ్చింది, ఎప్పటినుంచి, అంది, ఏది, అన్నాడతను, నువ్వు, అంది, నేనేం చేశాను, అన్నాడు, నాగెల్ గారిని నువ్వు అంటున్నావే అది, అంటే నవ్వేశాడు, అదా, ఆఫీసులో పైవాళ్లు చెప్పారు, ఎవరిళ్లలో వాళ్లున్నప్పుడు మీరు అంటే మరీ దూరంగా ఉంటుందట, అని మెయిల్ చూపించాడు, పన్నెండు మందికి, రిటైరవబోతున్న ముసలి బోచ్‌కి కూడా నువ్వే, సరే, భోజనానికేముంది, అన్నాడు.

దుంపలు, అంది, చెక్కు తీస్తోంది, ఇప్పుడు కోపం దిగాలి కదా, దిగదే, తొక్కతో సగం దుంప పోతోంది, అయితే ఆ మాట కాదు, మరేమిటి, అడిగాక ఆగాడు, అదీ, నువ్వు ఎలా ఉన్నావు అని అడిగి ఆగాడు, ఆవిడ జవాబు ఇయర్‌ఫోన్లలోంచి అతని చెవుల్లోకే వెళ్లింది, గుమ్మంలో నిలబడ్డ తనకి వినపడింది అతని మౌనం, రెండు నిమిషాలు, మూడు, మధ్యలో ఊఁ, నిద్ర పట్టడం లేదా, చెప్పు, మళ్లీ మౌనం, తనకీ పట్టడం లేదు నిద్ర, ఆరు వారాలుగా, అదే పరుపు మీద, ఎంతసేపవుతుంది, అన్నాడు ఫోల్కర్ తలెత్తకుండానే, ఆయనంతే, ఎదుటి మనిషిని అడగడం చేతకాదు పాపం, అని చెల్లెలికి చెప్పింది, తనకి తనే చెప్పుకుంది, ఇరవై ఆరేళ్లు, చేతకాకపోవడమేమిటి, చేతనవును, ఇంత బాగా చేతనవును.