తారా గోత్రం

నాకు ఆదెమ్మ అంటే మొదటి ఆదివారం నుంచే గిట్టదు. దాచడం ఎందుకు, ఆవిడకూ నేనంటే అంతే.

దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళూ మొదటిసారి ఓట్లు వేసిన మరుసటి ఏడు మా ఆయన శేషాద్రికి అక్కడి ఉంజింటో ఊళ్ళో చక్కెర మిల్లులో ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. అక్కడి తెలుగువాళ్ళు ఎప్పుడో చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చినవాళ్ళ సంతతి. వాళ్ళ హాల్లో ఆదివారాలు పొద్దున్నే మూడు నాలుగేళ్ళ పిల్లలకు ఆదెమ్మ శ్లోకాలు నేర్పేది. చెరకు నరికి మొద్దుబారిన చేతులు, తలకు స్కార్ఫు. ఆవిడ నోట్లో 'భ' కాస్తా 'బ', 'ష' కాస్తా 'స'. నేను సంస్కృతం ఎమ్మే. నాకు ఒళ్ళు మండదా? మూడున్నరేళ్ళ నా కొడుకు కార్తికేయ ఆ తప్పులన్నీ శ్రద్ధగా నేర్చుకుంటున్నాడు.

అసలు కంపరం చివర్లో. శ్లోకం అయ్యాక ఒక్కొక్కరూ చేతులు జోడించి పేరు, గోత్రం చెప్పాలి. ఆదెమ్మ మునిమనవరాలు లేచి, "తారా. తొంబైవేల నాలుగొందల పదకొండు గోత్రం" అంది. పక్కవాడు ఇంకో అంకె చెప్పాడు.

నేను పైకే నవ్వాను. "గోత్రమా, టెలిఫోన్ నంబరా అండీ?"

"మా అవ్వ నంబరు," అంది ఆదెమ్మ. "ఓడ దిగితే దొర అవ్వ మెడలో నంబరేసిన తగరం బిళ్ళ కట్టినాడు. గోత్రం ఎవుడు అడిగినాడు? నంబరే అడిగినాడు."

"గోత్రం తెలియనివాళ్ళు కాశ్యప అనాలి. శాస్త్రం అది."

"నీ శాస్త్రం నిన్న ప్లేన్ దిగింది."

ఆ మాటకు నేను ఊరుకోలేదు. కమిటీ పెద్ద బేసిల్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. విసిగిపోయి రెండు నెలలు క్లాసు నాకిచ్చాడు. వినాయక చవితి రోజు పిల్లలు జనం ముందు బాగా చెబితే క్లాసు నాదే, లేకపోతే మళ్ళీ ఆదెమ్మదే.

కాశ్యప అన్నవాళ్ళకు చాక్లెట్ పెట్టాను. తారా మాత్రం మూతి బిగించుకుని కూర్చునేది. సరే, మావాడి ఉచ్చారణ అంటుకుంటుందని దాన్ని వాడి పక్కన కూర్చోబెట్టాను. ఆదెమ్మ వెనక బెంచీ మీద బీన్స్ ఒలుస్తూ నన్నే కొరకొరా చూసేది. నాకది బాగానే ఉండేది.

చవితి నాడు హాలు నిండింది. శ్లోకం ముత్యాల్లా వచ్చింది. ముందుగా తారా లేచింది.

"తారా. కాశ్యప గోత్రం."

గెలిచాను. వెనక్కి తిరిగి ఆదెమ్మ వైపు చూశాను. చూడాలనే చూశాను. ఆవిడ తల దించుకుంది.

తర్వాత మావాడు చేతులు జోడించి గట్టిగా, "కార్తికేయ. తొంబైవేల నాలుగొందల పదకొండు గోత్రం" అన్నాడు.

హాలంతా నవ్వింది. శేషాద్రి కూడా నవ్వాడు. మాది భారద్వాజ. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా బేసిల్ క్లాసు నాకే ఇచ్చాడు.

ఆదెమ్మ నవ్వలేదు. ప్రసాదం దగ్గర నా ఎదురుగా వచ్చి నిలబడింది. తారా నోట్లో నేను పెట్టిన చాక్లెట్ ఉంది.

"నీ కొడుకు నోట్లోంచి ఆ నంబరు తీసెయ్," అంది. "అది మాది. ఊరికే రాలా."

"చిన్నపిల్లాడు, ఏదో విని..."

"మీకు గోత్రం ఉండాది గదా," అంది ఆదెమ్మ. "చాల్లేదా?"

నేను దిద్దడానికి ఆ మాటలో తప్పేమీ దొరకలేదు.