లాగౌట్ చేసే మనిషి

చిన్నకోడలికి కంప్యూటర్ వాడేవాళ్లంటే చులకన. వెబ్‌సైట్లు కట్టడం ఆమె ఉద్యోగం. వాటిని వాడేవాళ్లు మాత్రం ఆమె లెక్కలో, బాగున్నదాన్ని కెలికి చెడగొట్టడానికే పుట్టినవాళ్లు. అందులోనూ తోడికోడలంటే మరీను. పెద్దకోడలు ఫిజియోథెరపీ క్లినిక్ కౌంటర్లో కూర్చుని రోగులకు టైములు ఇస్తుంది. ఆ టైముల సైటు చిన్నకోడలు కట్టిందే.

వారం నుంచి పెద్దకోడలిది ఒకటే గోల. పాస్‌వర్డ్ కొడితే సైటు లోపలికి రానిచ్చినట్టే రానిచ్చి మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతోందట. నడుం పట్టేసినవాళ్లు కౌంటర్ ముందు మూలుగుతుంటే ఆవిడ పక్కగదిలో థెరపిస్టు కంప్యూటర్ దగ్గరికి పరుగెడుతోంది. కుకీలు తుడిచెయ్యమని చిన్నకోడలు ఫోన్లో ఆవులిస్తూ చెప్పింది. కుకీలంటే, వచ్చింది ఫలానా మనిషని గుర్తుండడానికి సైటు ఇస్తే బ్రౌజర్ దాచుకునే చీటీలు. ఆవిడ తుడిచింది, మళ్లీ తుడిచింది, ఫలితం సున్నా.

"నా దగ్గర బ్రహ్మాండంగా పనిచేస్తోందక్కా," అని చిన్నది ఫోన్ పెట్టేసింది.

క్లినిక్ యజమాని మహా తెలివిమంతుడు. రోగమేదో తేలకముందే మందు రాసేశాడు, కౌంటర్లో మనిషిని మార్చేద్దామని. ఎందుకైనా మంచిదని చిన్నకోడల్ని ఒక మాట అడిగాడు. తోడికోడలి ఉద్యోగం తన నోటిమాట మీద ఆగి ఉందని ఆమెకు తెలుసు. తెలిసే అంది.

"తప్పు సైటుది కాదు సార్, మనిషిది."

అక్కడితో ఆగినా బాగుండేది. రుజువు చేస్తానంటూ లాప్‌టాప్ చంకన పెట్టుకుని క్లినిక్‌కి వచ్చింది. పెద్దకోడలు వింటుండగా అదే మాట మళ్లీ అంది. తర్వాత, ఒకటో తరగతి పిల్లలకు చెప్పినట్టు సాగదీసి పాఠం మొదలుపెట్టింది. ముందు కుకీలు తుడవాలి, తర్వాత పాస్‌వర్డ్ కొట్టాలి, అంతే. తన లాప్‌టాప్‌లోనే తుడిచింది. కొట్టింది. సైటు మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అడిగింది.

యజమాని గొంతు సవరించుకున్నాడు.

ఆమె గబగబా కోడ్ తెరిచింది. ఒక లైను దగ్గర ఆగిపోయింది. కిందటి వారం తనే హడావుడిగా మార్చిన లైను అది. కుకీకి గడువు పెట్టాల్సిన చోట ఎప్పుడో గడిచిపోయిన తేదీ పెట్టింది. కొత్త కుకీ ఇచ్చీ ఇవ్వగానే చెల్లకుండా పోతోంది. థెరపిస్టులుగానీ తనుగానీ ఏనాడూ లాగౌట్ చేసిన పాపాన పోలేదు కాబట్టి పాత కుకీలతో బండి లాగించేస్తున్నారు. రోజూ సాయంత్రం లాగౌట్ చేసి, దాంతోపాటే పాత కుకీని పోగొట్టుకుని ఇంటికెళ్లేది పెద్దకోడలొక్కతే. రోగుల వివరాలుంటాయి, లాగౌట్ చెయ్యకుండా లేవకని సైటు పెట్టిన రోజున ఆవిడకు నేర్పింది కూడా ఈ మహాతల్లే.

సర్వర్‌లో ఏదో చిన్న ఇబ్బంది ఉన్నట్టుందని నసిగింది.

"ఇంతకీ తప్పెవరిదంటారు?" అన్నాడు యజమాని.

పెద్దకోడలు తర్వాతి రోగికి టైము కాగితం మీద రాసిచ్చి, తలెత్తకుండానే అంది.

"మనిషిదే సార్. తను ముందే చెప్పిందిగా."